నాలుగు మిల్లీమీటర్ల వంపు

వర్క్‌షాప్, కిటికీ పక్క బల్ల
సోమవారం మధ్యాహ్నం

మా ఇంటి పిడుగుకి,

వదిన రాస్తున్నది. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మనిద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికి పోట్లాట, నాలుగో నిమిషానికి మీ అన్నయ్య వచ్చి ఫోన్ లాక్కోవడం. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు తగల్లేవు. అందుకని ఇకనుంచి పని సంగతులు ఉత్తరాల్లోనే.

మాకూ కంప్యూటర్ వచ్చింది. నా మైనం పొయ్యిని గోడవారకి జరిపి మరీ నా బల్ల మీద పెట్టారు. "మూడు నెలల్లో నేర్చేసుకోండి. లేదంటే చెవుల పని మొత్తం మీ మరదలుగారి ఆసుపత్రికే పంపించేస్తాం" అంది మా డాక్టరమ్మ. నవ్వుతూనే అంది. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో చెవి పోగొట్టుకున్న ప్రతివాళ్ళకీ చెవి చేసి పెట్టింది నేను. మైనంతో చెక్కి, అచ్చు తీసి, సిలికాన్ పోసి, ఒంటి రంగు అద్ది. నీ చేతికి మొదటిసారి మైనం ముద్ద ఇచ్చిందీ నేనే. ఏకు మేకై కూర్చోవడమంటే ఏమిటో ఇన్నాళ్ళకి తెలిసింది.

కుళ్ళుగా ఉంది నాకు. దాచడమెందుకు, ఎలాగూ నా అక్షరాలు చూసే కనిపెట్టేస్తావు. పైగా వడ్రంగి మేస్త్రీ కూడా నీ దగ్గరికే వస్తున్నాడటగా. రెండేళ్ళకోసారి నా దగ్గర ఎడమ చెవి మార్పించుకునే మనిషి. ఇప్పటికి ఆరు చేశాను. "మా అమ్మాయి వాళ్ళ ఊరు మారిపోతున్నానమ్మా. అక్కడ చిన్నమ్మగారు కంప్యూటర్లో చేస్తారంట కదా, అచ్చు కోసం తల మీద పిండి పొయ్యక్కర్లేదంట" అని ఫోన్ చేశాడు. శుభం అన్నాను.

సరే, అసలు సంగతి. చెవి అంచు వెంబడి ఒక గీత గీసి, దాని మీద చుక్కలు పట్టుకుని లాగితే చెవిదొప్ప వంపు మారుతుందని నేర్పడానికి వచ్చిన కుర్రపిల్ల చెప్పి వెళ్ళింది. నేనేమో ఒక్క చుక్క లాగితే చెవి మొత్తం వెంట వచ్చేస్తోంది. మొన్న తమ్మెని రవ్వంత సాగదీద్దామంటే మెడ దాకా దిగింది. ఆ గీతకి నువ్వు ఏ సెట్టింగ్స్ పెడతావో రాయి. ఏదీ దాచుకోకు.

నీ వదిన


ఆసుపత్రి రెండో అంతస్తు, స్కానింగ్ గది
గురువారం

వదినకి,

నీ ఉత్తరం టీ తాగుతూ చదివాను. మెడ దాకా దిగిన తమ్మె దగ్గరికి వచ్చేసరికి టీ ముక్కులోకి పోయింది. పక్క బల్ల ఆయన నా వీపు మీద చరిచాడు. ఆ ఫైలు చెరపకు, వచ్చినప్పుడు చూడాలి.

సెట్టింగ్స్ ఇవిగో. గీత రెండు కొసలకీ లాక్ వెయ్యి, మొదలుకొకటి, చివరకొకటి. అవి తెరిచి ఉంటే నువ్వు మధ్యలో లాగినా కొసలు జారిపోతాయి, నీ తమ్మెకి పట్టిన గతి అదే. తర్వాత రేడియస్. ఒక చుక్క లాగినప్పుడు దాని పక్కనున్న గీత ఎంత దూరం వెంట రావాలో అది చెబుతుంది. ఎక్కువ పెడితే చెవంతా కదులుతుంది, తక్కువ పెడితే ఒక్క చోటే ముక్కులా పొడుచుకొస్తుంది. నేను ఇరవై పెడతాను. సాగే గుణం ఆపెయ్యి, లేకపోతే గీత రబ్బరులా సాగి అంచు పలచబడుతుంది. అంతే, ఇంతకన్నా బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మేస్త్రీ వచ్చాడు. కుర్చీలో కూర్చోగానే "పెద్దమ్మగారు బాగున్నారా" అనే అడిగాడు, కాబట్టి నువ్వు మరీ అంత ఏడవక్కర్లేదు. కుడి చెవి స్కాన్ తీశాను. దాన్ని అద్దంలో బొమ్మలా తిప్పేస్తే ఎడమ చెవి వచ్చేస్తుంది. ఇక అంచులు సరిచేసుకోవడమే.

నీకు చెప్పలేదు గానీ, నాకిక్కడ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వచ్చే నెల బయటి నుంచి ముగ్గురు డాక్టర్లు వస్తారట. వాళ్ళ ముందు మేస్త్రీకి చెవి పెట్టి చూపించాలి. అది బాగుంటే ఉంటాను, లేకపోతే నీ బల్ల కింద మైనం ఏరుకోవడానికి వచ్చేస్తాను. అన్నయ్యకి చెప్పకు, కంగారు పడతాడు.

నీ మరదలు


వర్క్‌షాప్
బుధవారం, పని వదిలే ముందు

మరదలుగారికి,

గారు ఎందుకు తగిలించానో తెలుసుకో.

లాకులు వేశాను. సాగేది ఆపాను. నువ్వు చెప్పిన ఇరవై, అక్షరాలా ఇరవై, పెట్టాను. చుక్క ముట్టుకుంటే చాలు, చెవిదొప్ప మొత్తం లేచి అటు తిరిగి కూర్చుంటోంది. వారం రోజులు ఇదే తంతు. మా డాక్టరమ్మ వెనక నుంచి చూసి "అది చెవేనా" అంది. పద్దెనిమిదేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న.

ఏదో మింగేశావు నువ్వు. మొదటి ఏడాది నీకు మైనం కాచడం నేర్పేటప్పుడు, ఎంత వేడి దగ్గర దించాలో నేను దాచుకున్నానా? చూపుడువేలు మైనంలో పెట్టించి మరీ నేర్పాను, నీ వేలు కాలింది, నా వేలూ కాలింది. ఇప్పుడు నువ్వు నాకు ఒక అంకె పారేసి చేతులు దులుపుకున్నావు. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మీ అమ్మ అనేది. నాకు తలా లేదు, తాడీ లేదు. మైనం పొయ్యి ఒకటి ఉండేది, దాని మీద ఇప్పుడు ప్రింటర్ కాగితాలు పెట్టారు.

మొన్న మీ అన్నయ్య అన్నం తింటూ "మా చెల్లి చేతిలో ఏదో ఉందే" అన్నాడు. నేను లేచి నా కంచం కడుక్కున్నాను. పదహారేళ్ళ కాపురంలో నా చేతిలో ఏముందో ఆయనకి కనపడలేదు. నేను కంచం కడుక్కున్నదీ కనపడలేదు.

చెబితే చెప్పు, లేకపోతే మానెయ్. నేను నా చావు చస్తాను.

వదిన


ఆసుపత్రి, రెండో అంతస్తు
శనివారం ఉదయం

వదినా,

ఒట్టు, నేనేమీ దాచలేదు. తప్పు మాత్రం నాదే, ఇప్పుడే తెలిసింది. ఆ ఇరవై నా ఫైల్లో ఇరవై. మీ స్కానర్ చెవిని నా దాంట్లో పదో వంతు సైజులో దింపుతుందని మీ దగ్గర యంత్రం పెట్టిన వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కున్నాను. అంత చిన్న చెవి మీద నా ఇరవై పెడితే చెవి మొత్తం అందులోనే మునిగిపోతుంది. నువ్వు ఒక్క చుక్క లాగాననుకున్నావు, మొత్తం చెవిని లాగావు.

అంకె చూడకు. చుక్క మీద మౌస్ పెడితే చుట్టూ ఒక వలయం కనిపిస్తుంది. ఆ వలయం స్క్రీన్ మీది చెవి మీద నీ చిటికెనవేలి కొసంత ఉండేదాకా రేడియస్ తగ్గించు. మైనం మీద నువ్వు చిటికెనవేలితో నొక్కేదానివి కదా, వంపు తిరిగే చోట. అంతే. ఇది నీకు మొదటే ఇలా చెప్పాల్సింది. నీ చెయ్యి చూసే నేర్చుకుని, నీకే అంకెలు చెప్పాను.

అన్నయ్య సంగతి అంటావా, వాడికి తన చొక్కా గుండీ ఊడిందో లేదో కూడా కనపడదు. దానికి నన్నెందుకు ఆడిపోసుకుంటావు.

ఇప్పుడు నాకో సాయం. మేస్త్రీ చెవి తిప్పేశాను, అంచు గీత కూడా వేశాను. పైభాగంలో చెవిదొప్ప తల నుంచి దూరంగా, బయటికి తోసినట్టు ఉంది. కొలిచాను. మామూలుగా ఉండాల్సిన దానికన్నా నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ. స్కాన్ తప్పేమోనని మళ్ళీ తీశాను, అదే వచ్చింది. మూడు చుక్కలు పట్టుకుని లోపలికి లాగితే నిమిషంలో సరైపోతుంది. లాగనా, వద్దా? ఆయనకి ఆరు చెవులు చేశావు, ఆ చెవి నీకు తెలిసినంత నాకు తెలియదు. ఇంకో పదిహేను రోజుల్లో ఆ ముగ్గురూ వస్తున్నారు. నువ్వు ఏదంటే అది చేస్తాను.

నీ పిడుగు


వర్క్‌షాప్
మంగళవారం పొద్దున
(పంపలేదు)

పిడుగూ,

వలయం చిటికెనవేలి కొసకి వచ్చేసరికి గీత నా మాట వింది. గంటలో అంచు మొత్తం తిప్పాను. నీ మీద పడి ఏడ్చినందుకు సిగ్గుగా ఉంది.

మేస్త్రీ చెవి సంగతి. ఆయన కుడి చెవి మీద ముప్ఫై ఏళ్ళుగా పెన్సిల్ ఉంటుంది. పడుకున్నప్పుడు తప్ప దించడు. స్కాన్‌కని తీసి జేబులో పెట్టుకుని వచ్చి ఉంటాడు, అందుకే నీకు కనపడలేదు. ఆ పెన్సిల్ తోసి తోసి చెవిదొప్ప పైన బయటికి వంగింది. అది పుట్టుకతో వచ్చిన వంపు కాదు, అలవాటు చేసిన వంకర. ఎడమ వైపు ఆయన ఎప్పుడూ పెన్సిల్ పెట్టలేదు, కాబట్టి ఎడమ చెవికి అది ఉండకూడదు. కుడి చెవిని తిప్పేస్తే పెన్సిల్ వంకర కూడా తిరిగి వచ్చేస్తుంది. నేను ఆరు సార్లూ నాలుగు మిల్లీమీటర్లు లోపలికి చెక్కాను. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. లోపలికి లాగు. లాగకపోతే ఆ ముగ్గురూ చూడగానే పట్టేస్తారు.


వర్క్‌షాప్
మంగళవారం సాయంత్రం

పిడుగుకి,

వలయం కుదిరింది. థాంక్స్.

మేస్త్రీ చెవి ముట్టుకోకు. స్కాన్‌లో ఎలా వచ్చిందో అలాగే ఉంచు. యంత్రం కన్నా మనకి ఎక్కువ తెలుసా.

వదిన


ఆసుపత్రి, రెండో అంతస్తు
శుక్రవారం

వదినా, వదినా, వదినా,

ఉద్యోగం ఖాయం. ఇప్పుడే కాగితం చేతికి వచ్చింది. అన్నయ్య కన్నా ముందు నీకే రాస్తున్నాను.

నిన్న ఏం జరిగిందో వరసగా చెబుతాను విను. ముగ్గురు డాక్టర్లూ, మా పెద్ద డాక్టరుగారూ, గది నిండా జనం. మేస్త్రీకి చెవి అతికించి చేతికి అద్దం ఇచ్చాను. ఆయన అద్దం వైపు చూడకుండా జేబులోంచి పెన్సిల్ తీసి కుడి చెవి మీద పెట్టుకున్నాడు, అలవాటుగా. ఆ నాలుగు మిల్లీమీటర్లు ఎక్కడివో అప్పుడు తెలిసింది. అయ్యో, వంకర చెవిని తిప్పి పెట్టేశానే అనుకున్నాను. ముగ్గురిలో ఒకాయన కూడా పట్టేశాడు. "ఎడమ పక్క కూడా బయటికి ఉందేం? సరిచెయ్యలేదా?" అన్నాడు.

మేస్త్రీ అద్దంలో కుడి పక్క చూసుకున్నాడు. ఎడమ పక్క చూసుకున్నాడు. మళ్ళీ కుడి. చాలాసేపు చూశాడు. తర్వాత ఆ డాక్టరు వైపు తిరిగి "ఇది సరిగానే ఉందండీ. ఇన్నేళ్ళూ పనిలో కుర్రాళ్ళు నన్ను ఏడిపించేవాళ్ళు, కుడి పక్క నుంచి చూస్తే వడ్రంగివి, ఎడమ పక్క నుంచి చూస్తే గుమాస్తావి అని. నేనూ నవ్వేవాణ్ణి. ఇవాళే రెండు పక్కలా నేనున్నాను" అన్నాడు. ఏడవలేదు గానీ అద్దం మాత్రం ఎంతకీ ఇవ్వలేదు. చివరికి నర్సమ్మ అడిగి తీసుకుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ డాక్టరు "ఎందుకు వదిలేశారు, ఎవరైనా సరిచేసేవాళ్ళే కదా" అని అడిగితే నేను ఉన్నమాటే చెప్పాను. నేనైతే లాగేసేదాన్నే, మా వదిన ముట్టుకోవద్దంది, పద్దెనిమిదేళ్ళ చెయ్యి ఆవిడది, మనిషిని చూసి చెబుతుంది అన్నాను. ఆయన నీ పేరు రాసుకున్నాడు. మీ డాక్టరమ్మకి కూడా ఫోన్ చేస్తానన్నాడు.

మేస్త్రీ నీ పాత చెవులు లోపలికి ఉండేవని కూడా అన్నాడు. దానికేముంది, నేను సర్దిచెప్పాను. మైనంలో అంత సన్నని కొలతలు తేలవండీ, అప్పట్లో ఇవన్నీ లేవు కదా, ఆవిడ తప్పు కాదు అన్నాను. నువ్వు మనసులో పెట్టుకోకు.

అదంతా నీ పుణ్యమే వదినా. అన్నయ్యకి కూడా ఆ మాటే చెబుతాను.

నీ పిడుగు


వర్క్‌షాప్
ఆదివారం. సెలవు, ఎవరూ లేరు

పిడుగూ,

దీంతో పాటు ఇంకో కాగితం పెట్టాను. ముందు అది చదివి, తర్వాత ఇది చదువు. దాని మీద వారం, పూట చూడు. అదే రోజు సాయంత్రం నీకు పంపిన నాలుగు ముక్కలూ గుర్తు తెచ్చుకో.

చదివావా.

నువ్వు చేసే చెవి చెడాలనే ముట్టుకోవద్దన్నాను. పొద్దున నిజం రాశాను, మధ్యాహ్నం చెవుల పనికి నా పేరుకి బదులు నీ పేరు చెప్పి డాక్టరమ్మ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను, సాయంత్రానికి ఆ కాగితం సొరుగులోకి పోయింది. నీ ఉద్యోగం పోతే చెవులన్నీ నా దగ్గరే ఉంటాయి అనుకున్నాను. అంత స్పష్టంగానే అనుకున్నాను. ఆ పదిహేను రోజులూ బాగానే తిన్నాను, బాగానే పడుకున్నాను. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

నీ ఉత్తరం వచ్చాక నా పేరు రాసుకున్న ఆ డాక్టరుగారి ఫోన్ కూడా వచ్చింది. మా డాక్టరమ్మ అందరినీ పిలిచి నన్ను పొగిడింది. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. మీ అన్నయ్య ఇంటికి వస్తూ పూలు తెచ్చాడు. పదహారేళ్ళలో మొదటిసారి. వాటిని ఏం చెయ్యాలో తెలియక బక్కెట్లో వేశాను.

నోరు మూసుకుని ఉండిపోదామనే అనుకున్నాను, నిజం చెబుతున్నాను. కానీ ఒక్క మాట మింగుడు పడలేదు. మైనంలో తేలవు, ఆవిడ తప్పు కాదు అన్నావే, అది. గోరుచుట్టు మీద రోకటి పోటు. నాకు నాలుగు మిల్లీమీటర్లు తేలకపోవడమేమిటే? కళ్ళు మూసుకుని అర మిల్లీమీటరు చెక్కుతాను నేను. ఆరు సార్లూ తెలిసే చెక్కాను, కావాలనే చెక్కాను. చేతకాక అలా వచ్చిందని ఎవరైనా అనుకుంటే బతకలేను. దుర్మార్గురాలినని అనుకున్నా ఫరవాలేదు. చూశావా, నిజం చెప్పడానికి కూడా నాకు కుళ్ళే సాయం వచ్చింది.

చెప్పెయ్యాలనుకున్నాక మాత్రం అసలు తప్పు ఎక్కడుందో కనపడింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, ఆ మనిషికి లేని బాధ నాకెందుకు? పన్నెండేళ్ళ పాటు ఆయన మొహానికి ఒక పక్క గుమాస్తాని అతికించి పంపాను. ఆయన ప్రతిసారీ అద్దంలో చూసి "బాగుందమ్మా" అని వెళ్ళేవాడు. ఆ బాగుందమ్మా ఎలాంటిదో నాకు తెలియలేదు. నేను చెవి వైపు చూసేదాన్ని, ఆయన మొహం వైపు కాదు.

ఇది నువ్వు ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు. ఆ డాక్టరుకి చూపించు, మీ అన్నయ్యకి చూపించు. మా డాక్టరమ్మకి నేనే రేపు చెబుతాను. ఆ తర్వాత చెవులు ఎక్కడికి పంపుతుందో ఆవిడ ఇష్టం. నీకు నాతో మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు, అది నీ ఇష్టం. నీ మీద కుళ్ళు పోయిందని మాత్రం అబద్ధం చెప్పలేను. ఈ ఉత్తరం రాస్తుంటే కూడా ఉంది.

నిన్న ఒక కొత్తాయన వచ్చాడు. బస్సు డ్రైవరు, కుడి చెవి పోయింది. స్కాన్ తీశాను, తిప్పాను, గీత వేశాను. అంచు కింద రెండు చోట్ల ఎగుడుదిగుడుగా ఉంది. లాగడానికి చెయ్యి మౌస్ మీదికి పోయింది. ఆగి, స్క్రీన్ ఆయన వైపు తిప్పి "మీకెలా కావాలి?" అని అడిగాను. పద్దెనిమిదేళ్ళలో ఆ ప్రశ్న నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు.

"నన్నడుగుతారేంటమ్మా, చేసేది మీరు కదా" అన్నాడు ఆయన. రెండు కొసలకీ లాకులు వేసి, వలయం చిన్నది చేసి, మౌస్ ఆయన చేతికిచ్చాను. స్టీరింగ్ పట్టుకునే చెయ్యి, మౌస్‌ని నలిపేస్తాడేమో అనిపించింది. ఒక చుక్క లాగాడు, వద్దన్నాడు, వెనక్కి పెట్టాడు. ఇంకోటి లాగాడు. గంటన్నర పట్టింది. అంతసేపూ నా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానితో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

చివరికి తేలిన చెవి నాకు నచ్చలేదు. ఆయన దాన్ని చూసి తన ఎడమ చెవి తడుముకున్నాడు. అలాగే సేవ్ చేశాను.

వదిన